ఓడిపోయే హక్కు

"ఏం సాయిబూ, రాత్రి మీవాళ్లు గెలిచారుగా!"

కొల్లిపర సెంటర్లోనైనా, తెనాలి బస్టాండులోనైనా, రేపల్లె పోయే రైల్లోనైనా, భారత్‌కీ పాకిస్తాన్‌కీ ఆట జరిగిన మర్నాడు మాకు ఎదురయ్యే పలకరింపు ఇది. ఆ మాట అన్నవాడు మాకు శత్రువు కాడు. మాతో కలిసి పసుపు కొమ్ములు ఉడకబెట్టినవాడు. లంకల్లో అరటి గెలలు మోసినవాడు. మా ఇంట్లో పెళ్లికి వచ్చి కడుపునిండా తిని, పిల్లను దీవించి వెళ్లినవాడు. పీర్ల పండక్కి మాకంటే ముందే వచ్చి గుండం దగ్గర నిలబడేవాడు. అతను నవ్వుతూనే అంటాడు. మేమూ నవ్వుతూనే ఊరుకోవాలి. కోపం వస్తే "ఎగతాళికే ఇంత ఉలుకా, ఏదో ఉండబట్టే కదా" అంటారు. నవ్వి ఊరుకుంటే "చూశావా, ఒప్పుకున్నాడు" అంటారు.

ఎవరు మావాళ్లు? లాహోరులో మాకు మేనమామ లేడు. కరాచీలో మాకు సెంటు భూమి లేదు. మా తాతముత్తాతల గోరీలు ఈ కృష్ణ ఒడ్డునే ఉన్నాయి. మాలో షేకులున్నారు, సయ్యదులున్నారు, పఠానులున్నారు, దూది ఏకి బతికిన నూర్‌బాషాలున్నారు. ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్లున్నారు, ఉర్దూ ఒక్క ముక్క రానివాళ్లూ ఉన్నారు. మా పేదరికంలో తేడాలున్నాయి, మా నమాజులో తేడాలున్నాయి, మా కులాల్లో తేడాలున్నాయి. "మీవాళ్లు" అన్న ఒక్క మాట మాత్రం మా అందరినీ ఒక్క మోపుగా కట్టి సరిహద్దు అవతల పారేస్తుంది.

ఈ మాట మీద మాలో చాలామంది రాశారు. కూల్చిన మసీదు గురించి రాశారు, తగలబెట్టిన బస్తీల గురించి రాశారు, అద్దెకు ఇల్లివ్వని ఊళ్ల గురించి రాశారు. మేం ఇప్పుడు ఒక హాకీ ఆటగాడి గురించి రాయదలిచాం. అతను గోల్‌కీపరుగా ఆడి, ఆ తర్వాత శిక్షకుడు అయ్యాడు. అతను ముస్లిం కాడు, హిందువు. అందుకే అతని కథ మాకు అవసరమైంది.

అతని పేరు మీర్ రంజన్ నేగీ. ఉత్తరాఖండ్ కొండల కుటుంబం. 1982 డిసెంబరు 1న ఢిల్లీ నేషనల్ స్టేడియంలో ఆసియా క్రీడల హాకీ ఫైనల్ జరిగింది. మన దేశం ఆతిథ్యమిచ్చిన క్రీడలు. రంగుల టెలివిజన్ కొత్తగా వచ్చిన ఏడాది. ప్రధాని ఇందిరాగాంధీ స్వయంగా వచ్చి చూస్తున్న ఆట. ఎదుటి జట్టు పాకిస్తాన్. మన జట్టు 1-7తో ఓడింది. గోల్‌లో నిలబడినవాడు నేగీ.

ఏడు గోల్స్ ఒక్కడి చేతగానితనం వల్ల పడతాయా? హాకీ తెలిసినవాణ్ణి ఎవరినైనా అడగండి. గోల్‌కీపర్ ముందు వెనక వరస ఉంటుంది, దానిముందు మధ్య వరస ఉంటుంది. బంతి వాళ్లందరినీ దాటిన తర్వాతే అతని దగ్గరికి వస్తుంది. ఎదుట ఉన్నది హసన్ సర్దార్, కలీముల్లా, హనీఫ్ ఖాన్ ఉన్న జట్టు. ఆ ఏడాది జనవరిలోనే బొంబాయిలో ప్రపంచ కప్పు గెలుచుకుపోయిన జట్టు. ఓటమికి ఆటలోనే బోలెడన్ని కారణాలున్నాయి. అయినా ఈ దేశానికి ఆ కారణాలు చాలలేదు. దానికి ఒక ద్రోహి కావలసివచ్చాడు. ద్రోహిని వెతుకుతున్న కళ్లకు గోల్‌కీపర్ పేరులో మొదటి రెండక్షరాలు కనపడ్డాయి. మీర్!

ఇంకేం! పాకిస్తాన్ దగ్గర డబ్బు తిన్నాడన్నారు. గోలుకు లక్ష అని లెక్క కూడా కట్టారు. ఏ విచారణా జరిపి అతన్ని దోషి అనలేదు. ఏ కోర్టూ అనలేదు. జనం అన్నారు, పత్రికలు రాశాయి, అది చాలింది. వీధిలో నడిస్తే దూషణ, రైలెక్కితే దూషణ. దేశం తరపున ఆడే బతుకు అక్కడితో కూలిపోయింది. ఆ జట్టుకు సారథి జఫర్ ఇక్బాల్. ఆ జట్టులోనే మహమ్మద్ షాహిద్ ఉన్నాడు, బంతిని కర్రకు అతికించుకుని పరుగెత్తేవాడని లోకం మెచ్చిన ఆటగాడు. వాళ్లు ముస్లింలు. నింద మాత్రం ముస్లిం అనుకోబడిన ఒక హిందువు నెత్తిన పడింది.

ఇక్కడ మా లౌకిక మిత్రులు ఒక మాట అంటారని మాకు తెలుసు. "చూశారా, హిందువు కూడా బలయ్యాడు. కాబట్టి ఇది మతం గొడవ కాదు, ఆటల పిచ్చి" అంటారు. కాదు. ఇది మతం గొడవే అనడానికి ఇంతకంటే రుజువు లేదు. ముస్లిం అయినందుకు ముస్లింని అనుమానిస్తే "అతనేదో చేసే ఉంటాడు" అనుకోవడానికి కొంచెం సందు ఉంటుంది. ముస్లిం కాకపోయినా పేరు విని అనుమానించారంటే, ఆ అనుమానానికి మనిషితో పని లేదని తేలిపోయింది. మనిషి ఏం చేశాడన్నది దానికి అక్కర్లేదు. పేరు చాలు. మేం పుట్టిన దగ్గర్నుంచీ మోస్తున్న బరువును అతను ఒక్కసారి, పొరపాటున మోశాడు. ఆ ఒక్కసారికే అతని బతుకు తల్లకిందులైంది.

పేరు సంగతి మా జిల్లాలో మాట్లాడుకోవాలి. గుంటూరులో కాలే మస్తాన్ షా ఔలియా దర్గా ఉంది. మొక్కుకుని బిడ్డను కన్న తల్లులు ఆ బిడ్డకు మస్తానయ్య అనో, మస్తాన్‌రావు అనో, మస్తానమ్మ అనో పేరు పెడతారు. ఆ తల్లులు కమ్మవాళ్లు కావచ్చు, కాపులు కావచ్చు, మాలమాదిగలు కావచ్చు. కృష్ణ అవతల జాన్‌పహాడ్ దర్గాకు మొక్కినవాళ్లు సైదులు, సైదమ్మ అని పెట్టుకుంటారు. నాగూరు వలీకి మొక్కినవాళ్ల ఇళ్లలో నాగుల్ మీరాలు, మీరయ్యలు తిరుగుతుంటారు. నుదుట బొట్టు పెట్టుకున్న మస్తానమ్మను చూసి మా ఊళ్లో ఎవరూ ఆశ్చర్యపోరు. పంచె కట్టుకుని రామాలయం మెట్ల మీద కూచున్న సైదులు మాకు వింత కాదు. మా నూర్‌బాషాల్లోనేమో తెలుగు పేరూ అరబ్బీ పేరూ ఒకే మనిషికి ఉంటాయి. ఎవరి పేరు ఎవరిదో తేల్చుకోలేని నేల ఇది. తేల్చుకోవలసిన అవసరం రాని నేల కూడా.

అలాంటి మీరయ్య ఒకడు గోల్‌కీపరై పాకిస్తాన్ మీద ఏడు గోల్స్ తిన్నాడనుకోండి. అతను ఏ కులంవాడో, ఏ గుడికి పోతాడో స్టేడియంలో కూచున్నవాడికి తెలుస్తుందా? ఇంటిపేరు చూపించుకోవాలి, బొట్టు చూపించుకోవాలి, వాళ్లమ్మ ఏ మొక్కు మొక్కిందో చెప్పుకోవాలి. మతోన్మాదం ముస్లింని మాత్రమే కాల్చి ఊరుకోదు. ముస్లింతో కలిసి బతికిన ఆనవాళ్లున్న ప్రతి హిందువునూ నిలదీస్తుంది. నేగీ కథ మా మస్తానయ్యలకూ సైదులుకూ వినిపించవలసిన కథ. "సాయిబుల గొడవ మనకెందుకు" అనుకునేవాళ్లకు మరీ వినిపించాలి.

నేగీ చాలా ఏళ్ల తర్వాత మళ్లీ హాకీకి వచ్చాడు. ఈసారి శిక్షకుడిగా వచ్చాడు. 1998లో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో ధనరాజ్ పిళ్లై నాయకత్వంలో పురుషుల జట్టు స్వర్ణం గెలిచింది. 1966 తర్వాత ఆ స్వర్ణం రావడం అదే మొదలు. ఎం.కె. కౌశిక్ కోచ్‌గా ఉన్న ఆ జట్టుకు గోల్‌కీపర్లను తయారుచేసినవాడు నేగీ. ఫైనల్ పెనాల్టీ స్ట్రోకుల దాకా పోయింది, అంటే గోల్‌కీపర్ చేతుల్లోకి పోయింది. ఆశిష్ బల్లాల్ నిలబడ్డాడు, గెలిపించాడు. 2002లో మాంచెస్టర్ కామన్వెల్త్ క్రీడల్లో మన మహిళల జట్టు ఫైనల్లో ఇంగ్లండును 3-2తో అదనపు సమయంలో ఓడించి స్వర్ణం తెచ్చింది. ఆ బృందంలోనూ గోల్‌కీపర్ల శిక్షకుడు నేగీయే. ఏ పని చేతగాదని, ఏ పనిలో దేశాన్ని అమ్ముకున్నాడని అన్నారో, ఆ పనినే ఇంకొకరికి నేర్పి రెండు స్వర్ణాల్లో పాలు పంచుకున్నాడు.

2007లో 'చక్ దే ఇండియా' సినిమా వచ్చింది. రచయిత జైదీప్ సాహ్ని తన కథ 2002లో ఆడపిల్లల గెలుపులోంచి పుట్టిందన్నాడు. నేగీ ఆ సినిమాలో నటించిన అమ్మాయిలకు హాకీ నేర్పాడు. సినిమాలో నాయకుడు కబీర్ ఖాన్. అంటే ముస్లిం. పాకిస్తాన్‌తో ప్రపంచ కప్పు ఫైనల్లో పెనాల్టీ స్ట్రోకు తప్పిపోతుంది. ఆట అయ్యాక పాకిస్తాన్ కెప్టెన్‌తో చేయి కలిపిన ఫొటో పత్రికల్లో పడుతుంది. ఇంటి గోడ మీద "గద్దార్" అని రాస్తారు. తల్లిని తీసుకుని ఆ ఇల్లు వదిలి పోతాడు. ఏడేళ్ల తర్వాత మహిళల జట్టుకు కోచ్ అయి ప్రపంచ కప్పు గెలిపించి, మళ్లీ ఆ ఇంటికి వస్తాడు.

జీవితంలో హిందువు మీద పడిన ముస్లిం నింద, తెరమీద ముస్లిం దగ్గరికే వచ్చి చేరింది. ఈ దేశానికి నిజం ఎక్కడుందో తెలుసన్నమాట! గోల్‌కీపర్ ఎవరైనా, "గద్దార్" అన్న మాటకు చిరునామా ఒకటేనని సినిమా తీసినవాళ్లకు తెలుసు, చూసినవాళ్లకు తెలుసు. అందుకే హాళ్లలో ఎవరూ "ఇలా జరగదు" అనలేదు.

ఆ సినిమాను మేం తక్కువ చేయడం లేదు. ముస్లిం అంటే బాంబు పెట్టేవాడు, లేకపోతే హీరో కోసం ప్రాణమిచ్చే స్నేహితుడు. మన సినిమాల్లో మాకున్న రెండు వేషాలూ అవే. వాటి మధ్య కబీర్ ఖాన్ ఒక మనిషిగా కనపడ్డాడు. మాలోనూ ఈలలు వేసినవాళ్లున్నారు, కళ్లు తుడుచుకున్నవాళ్లున్నారు. మా పేచీ సినిమాతో కాదు, ఆ సినిమా చూసి దేశం చెప్పుకున్న నీతితో. "గెలిచి చూపించాడు, మచ్చ తుడుచుకున్నాడు" అన్నారు. ఏ మచ్చ? చేయని తప్పుకు మచ్చ ఏమిటి? గోడ మీద రాసినవాడి మచ్చా, రాయించుకున్నవాడి మచ్చా?

ఇంకొక్క ప్రశ్న. కబీర్ ఖాన్ శిక్షణ ఇచ్చిన జట్టు ఆ ప్రపంచ కప్పులో ఓడిపోయి ఉంటే? ఆ అమ్మాయిలు చివరి గోలు ఆపలేకపోయి ఉంటే? అప్పుడు అతను ద్రోహి అయిపోయేవాడా? గోడ మీద రాత నిజమైపోయేదా? ఒక మనిషి నిజాయితీ పదిహేడేళ్ల పిల్ల కాలికి తగిలిన బంతి మీద ఆధారపడి ఉండాలా? న్యాయం అంటే ఇదా? ఇది న్యాయం కాదు, పూర్వం నిప్పుల మీద నడిపించి నిజం తేల్చినట్టు నడిపించడం. కాళ్లు కాలకపోతే పతివ్రత. కాలితే? ఆ పరీక్ష పెట్టినవాణ్ణి ఎవరూ అడగరు.

ఇప్పుడు మన తెలుగు నేల మీదికి వద్దాం. హాకీ పక్కన పెట్టి ఫుట్‌బాల్ మైదానంలోకి పోదాం, ఎందుకంటే మనకూ ఒక కోచ్ ఉన్నారు. సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాదులో పుట్టారు. ఆడారు, బడిపంతులుగా పనిచేశారు, పిల్లలకు ఆట నేర్పారు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు శిక్షకుడు. ఆ జట్టు బొంబాయి వెళ్లి 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు ఎత్తుకొచ్చింది. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో ఆయన శిక్షణలో భారత జట్టు స్వర్ణం గెలిచింది.

ఆ సంవత్సరాలు ఒకసారి గుర్తు చేసుకోండి. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. ఆ తర్వాత హైదరాబాదు రాజ్యంలోని జిల్లాల్లో ముస్లింల మీద ఏం జరిగిందో, ఢిల్లీ ప్రభుత్వమే పంపిన సుందర్‌లాల్ కమిటీ రాసింది. ఆ నెత్తురు ఆరి మూడేళ్లు కూడా కాలేదు. అలాంటి రోజుల్లో ఆ హైదరాబాదులోంచే, ఒక ముస్లిం పంతులు చేతికి దేశం తన జట్టును ఇచ్చింది. ఆయన బంగారు పతకం తెచ్చి ఇచ్చారు.

మా వాదానికి ఆ బంగారం కంటే ముఖ్యమైనది మరుసటి ఏడాది వచ్చిన ఓటమి. 1952లో హెల్సింకి ఒలింపిక్స్‌లో రహీం సాబ్ శిక్షణలో ఆడిన భారత జట్టు యుగొస్లావియా చేతిలో 1-10తో ఓడింది. పది గోల్స్! నేగీ తిన్నవాటికంటే మూడు ఎక్కువ. ఆ ఓటమికి కారణం ఏమన్నారు? మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండా ఆడారన్నారు. అక్కడ చలి అన్నారు. యూరప్‌వాళ్ల ఆట మనకంటే ముందుకు పోయిందన్నారు. ఓటమిని ఓటమిగానే చూశారు. బూట్లు తప్పనిసరి చేశారు. కోచ్ పేరులో అబ్దుల్ ఉందని, సయ్యద్ ఉందని ఓటమికి అర్థం వెతకలేదు. రహీం సాబ్ మళ్లీ భారత జట్టుతో ఉన్నారు. హంగరీవాళ్ల ఆట చూసి, 4-2-4 అమరికను మన దేశంలో అందరికంటే ముందు అలవాటు చేసినవాళ్లలో ఆయనొకరు. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్‌కు పోయింది, నాలుగో స్థానంలో నిలిచింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఆ జట్టులో హైదరాబాదు నుంచి నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, అహ్మద్ హుసేన్, తులసీదాస్ బలరాం ఉన్నారు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో భారత్ అంతకు మించి ఎన్నడూ పోలేదు.

1962 సెప్టెంబరులో జకార్తా ఆసియా క్రీడలు. ఇజ్రాయెల్‌ను, తైవాన్‌ను రానివ్వకపోవడం మీద భారత ప్రతినిధి సోంధీ చేసిన విమర్శలకు ఇండోనేషియా జనం మండిపడి ఉన్నారు. స్టేడియం నిండా మన జట్టును తిట్టేవాళ్లే. రహీం సాబ్‌ను అప్పటికే క్యాన్సర్ తినేస్తోంది. తలకు కుట్లు పడిన జర్నైల్ సింగ్‌ను ముందు వరసలో ఆడించారు. పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టారు. దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం గెలిచారు. ఒక సర్దార్జీ, ఒక బెంగాలీ బ్రాహ్మడు, ఒక తమిళ క్రైస్తవుడు, వాళ్లందరికీ గురువు ఒక హైదరాబాదీ ముస్లిం. "భిన్నత్వంలో ఏకత్వం" అని పాఠ్యపుస్తకాల్లో రాసుకుంటామే, అది ఆ రోజు మైదానంలో పరుగెత్తింది.

ఆ స్టేడియంలో మన జట్టు కోసం చప్పట్లు కొట్టినవాళ్లు ఎవరో తెలుసా? పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లు. ఆ ఆట ఆడినవాళ్లే తర్వాత చెప్పుకున్న సంగతి ఇది. ఆ క్రీడల్లోనే హాకీలో మనల్ని ఓడించి స్వర్ణం తీసుకున్నవాళ్లు వాళ్లు. పక్కింటివాడు ఒంటరిగా తిట్లు తింటుంటే వెళ్లి నిలబడ్డారు. ఆ చప్పట్లతో వాళ్ల దేశభక్తి తరిగిపోయిందా? మన దేశభక్తి మైలపడిందా? నలభై అయిదేళ్ల తర్వాత సినిమాలో పాకిస్తాన్ కెప్టెన్‌తో చేయి కలిపిన పాపానికి ఒకడి ఇంటి గోడ మీద గద్దార్ అని రాశారంటే, ఆ సంగతి నమ్మదగ్గదిగా మనందరికీ తోచిందంటే, ఈ మధ్యకాలంలో ఎంత దూరం కిందికి జారామో లెక్కవేసుకోండి.

రహీం సాబ్ 1963 జూన్ 11న కన్నుమూశారు. ద్రోణాచార్య అవార్డు 1985లో పుట్టింది, ఆయన పోయిన ఇరవై రెండేళ్లకు. ఆయన పోయాక మన ఫుట్‌బాల్‌కు ఆసియా క్రీడల్లో మళ్లీ స్వర్ణం రాలేదు. ఆయన ఎవరో దేశంలో చాలామందికి తెలియాలంటే 2024లో 'మైదాన్' సినిమా రావలసివచ్చింది. తెలుగు బడుల్లో చదువుకున్న మాలో ఎంతమందికి ఆయన పేరు పాఠంలో కనపడింది? మన మహానుభావుల జాబితా చాలా పెద్దది. అందులో ఈ బడిపంతులుకు చోటు లేకపోవడం ఊరికే జరిగిందా?

1952లో పది గోల్స్, 1982లో ఏడు గోల్స్. మొదటిదానికి బూట్లు కారణమయ్యాయి, రెండోదానికి పేరు కారణమైంది. తేడా ఎక్కడుంది? ఎదుటి జట్టులో ఉంది. యుగొస్లావియా చేతిలో ఓడితే అది ఆట. పాకిస్తాన్ చేతిలో ఓడితే అది విభజన. ఆ రెండు దేశాల మధ్య ఆట ఎప్పుడు జరిగినా 1947 మళ్లీ జరుగుతుంది, మమ్మల్ని మళ్లీ అడుగుతారు, ఎటు వైపు ఉంటావని. మా పెద్దలు ఆ ప్రశ్నకు ఒకసారి జవాబు చెప్పారు. పోకుండా ఉండిపోయి చెప్పారు. అంతకంటే పెద్ద జవాబు ఏ ఆటలోనూ ఉండదు.

1975లో కౌలాలంపూర్‌లో ప్రపంచ కప్పు హాకీ సెమీఫైనల్. మలేషియా చేతిలో ఓడిపోతున్న జట్టులోకి చివర్లో అస్లం షేర్ ఖాన్ వచ్చాడు. మెడలో తావీజు ముద్దుపెట్టుకుని పెనాల్టీ కార్నరును గోలు చేశాడు. జట్టు బతికింది, ఫైనల్లో పాకిస్తాన్‌ను 2-1తో ఓడించి కప్పు తెచ్చింది. ఆ తావీజు దేశానికి ముద్దొచ్చింది. గోలు పడింది కాబట్టి ముద్దొచ్చింది. బంతి పక్కకు పోయి ఉంటే ఆ తావీజు ఏమయ్యేది? ఇదే మా ప్రశ్న, మొదటినుంచి చివరిదాకా ఇదే.

మా హైదరాబాదు పిల్లల్నే చూడండి. అజారుద్దీన్ గెలిపించినన్నాళ్లు "మన అజార్". 2000లో ఫిక్సింగ్ ఆరోపణ వచ్చింది, బోర్డు జీవితకాల నిషేధం వేసింది. ఆరోపణ వస్తే సాక్ష్యాలు చూడాలి, ఎవరికైనా అంతే. మేం మతం పేరుతో మినహాయింపు అడగడం లేదు. 2012లో హైకోర్టు ఆ నిషేధం చెల్లదంది, అది వేరే సంగతి. అదే వ్యవహారంలో అజయ్ శర్మ మీదా, అజయ్ జడేజా మీదా చర్య తీసుకున్నారు. శర్మల కులాన్ని ఎవరూ అడగలేదు, జడేజాల వంశాన్ని ఎవరూ నిలదీయలేదు. మా బస్తీల్ని మాత్రం అడిగారు. సానియా మీర్జా దేశం కోసం ఎన్ని కప్పులు గెలిచినా, 2014లో తెలంగాణకు ప్రచారకర్తగా పెట్టగానే "పాకిస్తాన్ కోడలు" అన్నారు, అదీ ఒక శాసనసభ్యుడే అన్నాడు. 2021 జనవరిలో సిడ్నీ ప్రేక్షకులు సిరాజ్‌ను తిడితే దేశమంతా అతని వెనక నిలబడింది, మాకు సంతోషమైంది. ఆ ఏడాది అక్టోబరులోనే పాకిస్తాన్ చేతిలో ఓడగానే షమీని తిట్టినవాళ్లు సిడ్నీవాళ్లు కారు. కెప్టెన్ కోహ్లీ షమీ పక్కన నిలబడి మాట్లాడాడు. అందుకు అతన్ని కూడా తిట్టారు.

మేం ఒంటరిగా లేమని కూడా తెలుసు. అదే 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో వందనా కటారియా హాకీలో దక్షిణాఫ్రికా మీద మూడు గోల్స్ కొట్టింది. ఒలింపిక్స్‌లో అలా కొట్టిన మొదటి భారత మహిళ ఆమె. నాలుగు రోజుల తర్వాత సెమీఫైనల్లో జట్టు ఓడింది. హరిద్వార్ దగ్గర వాళ్ల ఊళ్లో ఆధిపత్య కులాలవాళ్లు ఆమె ఇంటిముందు టపాకాయలు కాల్చారు. దళితులు ఎక్కువైపోయారు కాబట్టే జట్టు ఓడిందన్నారు. దేశం ఓడితే టపాకాయలు కాల్చేది ముస్లింలని కదా ఇన్నాళ్లూ చెప్పింది? ఇప్పుడు కాల్చింది ఎవరు? ఓడిపోవడం మనుషులందరికీ ఉన్న హక్కు. ఈ దేశంలో దళితుడికీ ముస్లింకీ మాత్రం ఆ హక్కు లేదు.

ఉర్దూ పత్రికల్లోనూ తెలుగు పత్రికల్లోనూ పనిచేసినవాళ్లం కాబట్టి ఇంకో మాట చెప్పాలి. ముస్లిం ఆటగాడు గెలిస్తే తెలుగు పత్రికలో అతను భారతీయుడు, ఉర్దూ పత్రికలో మనవాడు. ఓడితే తెలుగు పత్రికలో అతనే ముస్లిం అయిపోతాడు, ఉర్దూ పత్రికలో అసలు కనపడడు. రెండుచోట్లా మనిషి లేడు. మా పెద్దలూ తక్కువ తినలేదు. సభ పెట్టినప్పుడల్లా ఒక జాబితా చదువుతారు. అష్ఫాఖుల్లా ఖాన్, అబ్దుల్ హమీద్, అబ్దుల్ కలాం, అజారుద్దీన్, ఇప్పుడు నిఖత్ జరీన్. వాళ్లంటే మాకు గౌరవమే. కానీ ఆ జాబితా ఎవరికి చదువుతున్నారు? ఎందుకు చదువుతున్నారు? కొల్లిపర లంకల్లో కూలికి పోయే మస్తాన్‌బీ ఏ యుద్ధంలోనూ ట్యాంకులు పేల్చలేదు, ఏ రాకెట్టూ పంపలేదు. ఆమె ఈ దేశానికి ఏమీ కాదా? జాబితాలో లేనివాళ్లు అద్దెకు ఉంటున్నవాళ్లా? మంచి ముస్లింల జాబితా తయారుచేసిన ప్రతిసారీ మిగతావాళ్లంతా చెడ్డవాళ్లని ఒప్పుకున్నట్టే.

లౌకికవాదులకు ఒక మనవి. "ఆటకు మతం లేదు" అని మాకు చెప్పకండి. మాకు తెలుసు. స్టేడియంలో అరుస్తున్నవాడికి చెప్పండి. టీకొట్టు దగ్గర "మీవాళ్లు" అన్నవాడు మీ పార్టీలోనే ఉంటాడు, మీ సంఘంలోనే ఉంటాడు. అతను ఆ మాట అన్నప్పుడు మేం జవాబు చెప్పేలోగా మీరు చెప్పండి. మా తరపున కాదు, మీ మస్తానయ్య తరపున, మీ సైదులు తరపున చెప్పండి. నేగీ మీదికి వచ్చింది రేపు వాళ్ల మీదికీ రావచ్చు.

మేం అడిగేది ఎక్కువేమీ కాదు. మాకు దేశభక్తి సర్టిఫికెట్లు వద్దు, బడికొక ఆటస్థలం, ఆటస్థలానికొక పంతులు కావాలి. రహీం సాబ్ రాజభవనంలోంచి రాలేదు, బడిలోంచి వచ్చారు. మా ఊళ్లలో పిల్లలు ఆడేది చెడుగుడు, వాలీబాల్, కళ్లంలో క్రికెట్. హాకీ కర్ర చేత్తో పట్టి చూసినవాళ్లు అరుదు. ఉర్దూ బడిలోనూ, జిల్లా పరిషత్తు బడిలోనూ ఆట నేర్పే పంతులు ఉంటే వాళ్లలోంచి ఎవరు ఏమవుతారో ఎవరు చెప్పగలరు? రహీం సాబ్ జీవితం తెలుగు వాచకంలో పాఠం కావాలి. అందులో 1962 గెలుపు ఎంత ఉంటుందో 1952 ఓటమి కూడా అంతే ఉండాలి. ఓడిన గురువుకు ఒక దేశం మళ్లీ జట్టును అప్పగించిందని పిల్లలు చదువుకోవాలి.

మా పిల్లలు గెలుస్తారు, ఓడతారు. పెనాల్టీ స్ట్రోకు తప్పుతుంది, క్యాచ్ జారుతుంది, ఏడు గోల్స్ పడతాయి. ఓడిన సాయంత్రం వాళ్లు కూడా అందరిలాగే తల వంచుకుని ఇంటికి రావాలి, అమ్మ పెట్టిన అన్నం తినాలి, తెల్లారి మళ్లీ మైదానానికి పోవాలి. వాళ్ల ఇంటి గోడ మీద ఎవరూ ఏమీ రాయకూడదు. అంతవరకు, ఎన్ని కప్పులు తెచ్చి మా మెడలో వేసినా, అవి మాకు బెయిలు కాగితాలే తప్ప పతకాలు కావు.